చెయ్యి అనే మాట

వానలు మొదలైన నెల

గాజులు చాలా నెమ్మదిగా పడ్డాయి. అలా పడవని అందరికీ తెలుసు. నేను చూసింది మాత్రం అదే. పళ్ళెం నా వేళ్ళ మీద ఒక పక్కకు ఒరిగింది. ఆకుపచ్చ గాజులు ఒకదాని వెంట ఒకటి అంచు దాటి, కిటికీలోంచి వచ్చే వెలుతురులో కాసేపు మెరిసి, కిందికి జారాయి. గచ్చు మీద పగిలిన చప్పుడు ఆ తర్వాత ఎప్పుడో వినిపించినట్టు ఉంది.

అది నా ఒక్కగానొక్క కూతురు సుజాత సీమంతం. ఇంటినిండా ముత్తయిదువులు. ఖాళీ పళ్ళెం ఇంకా నా చేతుల్లోనే ఉంది. చెంపలకు గంధం పూసుకుని కుర్చీలో కూర్చున్న సుజాత, "పోనీలేమా, ఇంకా ఉండాయి గదా గాజులు" అంది.

వియ్యపురాలు రాజమ్మ వదినది మనుబోలు. చెడ్డ మనిషి కాదు. చీపురు తెచ్చి గాజు ముక్కలు తనే ఊడ్చింది. భోజనాలయ్యాక నన్ను పెరటి గుమ్మం దగ్గరికి పిలిచి గొంతు తగ్గించింది.

"వదినా, ఏమనుకోబాక. పురుడు మా ఇంట్లోనే పోసుకుంటాం."

"తొలి కాన్పు పుట్టింట్లో గదా వదినా."

"వాడుక అదేలే. అయితే బిడ్డకి నీళ్ళు పోసేదెవరు? నువ్వా?"

మా వైపు పురిటి బిడ్డకు అమ్మమ్మే నీళ్ళు పోస్తుంది. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, ఆ కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టి, ఒక చేత్తో తల పట్టుకుని, రెండో చేత్తో చెంబుతో గోరువెచ్చని నీళ్ళు పోస్తూ, అదే చేత్తో నలుగు రుద్దాలి. రెండు చేతులూ ఒకే సమయంలో రెండు వేర్వేరు పనులు చెయ్యాలి. పుట్టినప్పటినుంచీ నాకు రానిది సరిగ్గా అదే.

ఆ సాయంత్రం సుజాతను అడిగాను. నా ముఖం చూడకుండా పూలదండ ముడి విప్పుకుంటూ, "అత్త అన్నదాంట్లో తప్పేముందిమా. ఏమనుకోబాక" అంది. మరునాడు వాళ్ళతోపాటు మనుబోలు వెళ్ళిపోయింది.

దాన్ని తప్పు పట్టలేను. దానికి మూడు నెలలప్పుడు నా చేతుల్లోంచి జారి వరిగడ్డి మీద పడింది. దెబ్బ తగల్లేదు. అయినా ఆ రోజునుంచి మా అత్త పాలకు తప్ప బిడ్డను నా చేతికి ఇవ్వలేదు. కన్న కూతురికి నేను ఒక్కసారి కూడా నీళ్ళు పోయలేదు. ఆ కథ వింటూనే సుజాత పెరిగింది.

నాకు ఊళ్ళో ఒక పేరు ఉండేది. చేతకానిది. అమ్మ ప్రేమగా అనేది, అత్త కోపంగా అనేది, మా ఆయన శీనయ్య నవ్వుతూ అనేవాడు. చిన్నప్పుడు చెమ్మచెక్క ఆడితే నా చెయ్యి అవతలి పిల్ల చేతికి తగిలేది కాదు, ఆమె చెవికో ముక్కుకో తగిలేది. ముగ్గు వేస్తే చుక్కలు నాలుగో వరసలో దారి తప్పేవి. నాట్లలో మిగతావాళ్ళు పాట పాడుతూ వెనక్కి వెనక్కి నడిచి గట్టు చేరేవాళ్ళు. నేనొక్కదాన్నే మడి మధ్యలో నా వంకర వరసతో నిలబడి ఉండేదాన్ని. నీళ్ళలో మబ్బులు కదులుతుంటే వాటినే చూస్తూ నారు కట్ట చేతిలో ఉన్న సంగతే మరిచిపోయేదాన్ని. పొయ్యి మీద పాలు పొంగిపోయేవి. బడిలో ఉన్నది రెండు నెలలు. పలక మీద అక్షరాలు గుంటలో రొయ్యపిల్లల్లా కదిలేవి, పట్టుకోబోతే పక్కకు పోయేవి. దీనికి చదువు రాదు, పొలానికి తీసుకుపొమ్మని మా నాయనతో చెప్పారు. పొలం పని కూడా రాదని నాయన వాళ్ళకు చెప్పలేదు.

నాలుగేళ్ళ కిందట మా పక్కింటి మస్తాన్‌బీ నాకు అక్షరాలు నేర్పింది. తను జాకెట్లు కుడుతుంది. పలక మీద నాకు రావడం లేదని చూసి, పాత లంగా గుడ్డ మీద లావు దారంతో అక్షరాలు కుట్టి ఇచ్చింది. "కళ్ళతో చూడబాకక్కా. వేలితో తడుము" అంది. కళ్ళు మూసుకుని వేలితో ఆ దారం వెంట పోతే అక్షరం కదలకుండా ఉండేది. అలా ఒక్కొక్కటీ వేలి కొసకు అలవాటయ్యాయి. ఆమె మొదట కుట్టిన మాట, చెయ్యి. "ఒక్క మాట నేర్చుకుంటే రెండొస్తాయి. ఇదీ చెయ్యే" అని నా చెయ్యి పట్టుకుంది. "పని చెయ్యి అన్నా చెయ్యే" అంది. నేను రాసేటప్పుడు మాత్రం యకూ మకూ తేడా తప్పిపోయి ఎప్పుడూ చెమ్మి అని వచ్చేది. ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది.

సీమంతం తర్వాత నాకు భయం పట్టుకుంది. చేతుల వైపే చూసుకుంటూ ఉంటే అవి ఇంకా తప్పాయి. గ్లాసు, గరిటె, దీపం కుంది. పక్షవాతం మొదలవుతోందేమో, తలలో ఏదైనా గడ్డ ఉందేమో అనుకున్నాను. ఒక రోజు శీనయ్య పగిలిన కుండ పెంకులు ఏరుతూ, "పదమే, నెల్లూరులో నరాల డాక్టరుకు చూపిద్దాం" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

నాట్ల నెల

ఆసుపత్రి గదుల్లో కాలం వేరే రకంగా నడుస్తుంది. పంకా తిరుగుతూ ఉంటుంది, పేర్లు పిలుస్తూ ఉంటారు, మన పేరు మాత్రం రాదు. ఎడమ పక్క మూడో గది ముందు కూర్చోమన్నారు. శీనయ్య చీటీ రాయించడానికి పోయాడు. ఎడమ ఏదో కుడి ఏదో తేల్చుకోవాలంటే నేను అన్నం కలిపినట్టు వేళ్ళు కదిపి చూసుకుంటాను, కదిలింది కుడి. ఆ రోజు భయానికి రెండు చేతులూ కదిలాయి. పోయి చెవి ముక్కు గొంతు డాక్టరు గది ముందు గంటసేపు కూర్చున్నాను. చిల్లకూరునుంచి వచ్చిన ఒక ముసలామె జామకాయ సగం విరిచి ఇస్తూ, "నీకు చెవా, ముక్కా?" అంది. "చేతులు" అన్నాను. ఆమె నా చేతుల వైపు చాలాసేపు చూసి, నన్ను లేపి, నడిపించుకుంటూ సరైన గది ముందు కూర్చోబెట్టి పోయింది. పేరు కూడా అడగలేదు నేను.

తలకు తీసిన ఫోటోలో ఏమీ లేదన్నారు. శీనయ్య ఊపిరి పీల్చుకున్నాడు. నాకు మాత్రం ఎందుకో ఏడుపొచ్చింది.

"ఏం లేదంటే మంచిదే గదమే."

"ఏం లేకపోతే ఇదంతా ఏందయ్యా మరి?"

డాక్టరు అప్పుడొక ప్రశ్న అడిగాడు. "ఇది కొత్తగా వచ్చిందా అమ్మా, మొదట్నుంచీ ఉందా?" అంతవరకూ ఆ మాట నన్ను అడిగిన మనిషి లేడు. మొదట్నుంచీ అన్నాను. ఆయన ఒక కాగితం రాసి, పిల్లలకు చేతిపనులు, నడక నేర్పే ఒక చోటికి పంపాడు. ఇది చదివేవాళ్ళకు ఒక మాట చెప్పాలి. చేతులు కొత్తగా పట్టు తప్పుతుంటే నాలాగా నెల రోజులు భయపడుతూ కూర్చోకుండా వెంటనే చూపించుకోండి. నాది పుట్టుకతో వచ్చింది కాబట్టి సరిపోయింది.

ఆ పిల్లల చోట కుర్చీలన్నీ చిన్నవి. గోడలకు చేపల బొమ్మలు. ఒక తల్లి నన్ను చూసి, "మీ మనవడికా?" అంది. "నాకే" అన్నాను. ఆమె, "నాకూ ఇట్టానే. మా వాడిని చూపిస్తుంటే తెలిసొచ్చింది" అంది. తర్వాత ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. అంత చిన్న కుర్చీలో అంత హాయిగా నేనెప్పుడూ కూర్చోలేదు.

లోపల ఉన్న అమ్మాయి పేరు నీరజ. నా కూతురి వయసే ఉంటుంది. మూడు వారాలు నాతో మాట్లాడింది. బంతి పట్టించింది, కళ్ళు మూసి నిలబెట్టింది, నాట్ల సంగతీ పాలు పొంగిన సంగతీ అక్షరాలు కదిలిన సంగతీ అడిగింది. మధ్యలో మనసు డాక్టరు దగ్గరికి కూడా పంపి, ఆయన చెప్పింది చూసుకుని, ఒక రోజు మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టింది.

"దీన్ని డిస్‌ప్రాక్సియా అంటారమ్మా. ఏం చెయ్యాలో మీ తలకు తెలుసు. అది చేతికి చేరే దారి మీకు చుట్టుతిరుగుడు. అంతే."

"మరి అక్షరాలు?"

"అది డిస్‌లెక్సియా. పాలు పొంగిపోవడం, మబ్బులు చూస్తూ ఉండిపోవడం, అది ధ్యాసకు సంబంధించింది. ఏడీహెచ్‌డీ అంటారు."

"మూడు జబ్బులా నాకు?"

"జబ్బులు కావమ్మా, మీరు పుట్టిన తీరు. ఇవి చాలామందిలో ఒంటరిగా రావు. కొందరికి రెండు, కొందరికి మూడు. ఇంకొందరికి వీటితోపాటు ఆటిజం. పెద్దయ్యాక తెలుసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, మీరొక్కరే కాదు."

ఏది ఎక్కడ ఆగిపోయి ఏది ఎక్కడ మొదలవుతుందని అడిగాను. నాటు వంకరపోయింది చేతి వల్లా, మబ్బుల వల్లా? అలా విడదీసి చూపించలేమంది. పక్కనున్న శీనయ్య, "మన కాలవ నీళ్ళ మాదిరి" అన్నాడు.

మా ఊరు తోటపల్లి గూడూరు దగ్గర, సముద్రానికి కొంచెం ఇవతల. పోటు వచ్చినప్పుడు ఉప్పునీళ్ళు కాలవలోకి ఎక్కుతాయి. పైనుంచి వాననీళ్ళు దిగుతాయి. రొయ్యల గుంటకు నీళ్ళు పెట్టే ముందు శీనయ్య దోసిట్లో తీసుకుని నాలుక మీద వేసుకుని చూస్తాడు. ఎంత ఉప్పుందో చెబుతాడు గానీ ఏ చుక్క సముద్రానిదో, ఏ చుక్క వానదో చెప్పలేడు. "అదే నీళ్ళలో రొయ్యలు బతుకుతుండాయి గదమ్మా" అన్నాడు నీరజతో. ఆ పిల్ల తన కాగితం మీద ఆ మాట రాసుకుంది.

బయటికొచ్చాక మెట్ల మీద ఆగి, "ఇన్నేళ్ళు నిన్ను చేతకానిదానివన్నానే" అన్నాడు. బస్సులో నా సంచి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

మంచు పట్టే నెల

నీరజతో నాకు కావలసింది ఒక్కటే అని చెప్పాను. బిడ్డకు నీళ్ళు పోయాలి. మస్తాన్‌బీ ఒక గుడ్డబొమ్మ కుట్టింది. అప్పుడే పుట్టిన బిడ్డ బరువు వచ్చేదాకా లోపల బియ్యం నింపింది. మెడ మాత్రం వదులుగా ఉంచింది, బిడ్డ మెడ ఎలా ఉంటుందో అలా. వారానికొకసారి ఆ బొమ్మను సంచిలో పెట్టుకుని నెల్లూరు పోయేదాన్ని. వీపు గోడకు ఆనించి కూర్చోవాలి. జారకుండా కాళ్ళ మీద తడిగుడ్డ పరుచుకోవాలి. పనిని చిన్న చిన్న ముక్కలు చేసుకుని ఒక్కో ముక్కా పైకి చెప్పుకుంటూ చెయ్యాలి. గుడ్డ కాళ్ళ మీద. చెయ్యి తల కింద. చెయ్యి చెంబు మీద. అయిదో వారానికి మూడు ముక్కల వరకూ వచ్చింది. నాలుగోది నీళ్ళు పోయడం. చెంబు వంచేసరికి రెండో చెయ్యి కూడా దాంతోపాటు వంగేది. బొమ్మ తల వెనక్కి వాలిపోయేది.

"అన్నీ మీరొక్కరే చెయ్యాలని ఏముందమ్మా?" అంది నీరజ ఒక రోజు.

"అమ్మమ్మ చెయ్యాలి" అన్నాను. నాకు అప్పుడు చాలా పట్టుదల.

ఆ రోజు ఆఖరి బస్సు అందక రాత్రి నెల్లూరులోనే ఉండిపోయాను. తెల్లారి తిరుగు ప్రయాణంలో మంచు ఇంకా పూర్తిగా విడలేదు. బస్టాండులో దీపాలన్నీ దూదిలో చుట్టినట్టు ఉన్నాయి. చదువు రాని రోజుల్లో నేను ఎవరినో ఒకరిని అడిగి బస్సెక్కేదాన్ని, ఒక్కసారీ తప్పలేదు. ఇప్పుడు చదువొచ్చు కదా. బస్సు బోర్డు మీద గూడూరు అని కనిపించింది, ఆ రెండు దీర్ఘాలూ వేలితో తడిమినంత స్పష్టంగా. ఎక్కి కూర్చున్నాను. ముందు తోటపల్లి ఉందో లేదో చూడలేదు. కిటికీ బయట తెల్లటి మంచులో చెట్లు లేస్తూ మునుగుతూ ఉన్నాయి. ఒళ్ళో బొమ్మ వెచ్చగా ఉంది. కండక్టరు చీటీ ఇచ్చినా నేను చూడలేదు. ఎంతసేపు అలా పోయానో తెలియదు. "మనుబోలు దిగేవాళ్ళు" అన్న కేక వినబడి కళ్ళు తెరిచాను. నేనెక్కింది పెద్ద గూడూరు బస్సు.

కూతురున్న ఊరు. దిగాను. చెప్పకుండా వియ్యపురాలి గడపలో నిలబడ్డాను. రాజమ్మ వదిన బియ్యం చేట పట్టుకుని బయటికొచ్చింది.

"ఏం వదినా, ఇంత పొద్దున్నే?"

"బస్సు తప్పెక్కినా. గూడూరు అనుంటే మనదే అనుకున్నా."

వదిన నవ్వింది, లోపలినుంచి సుజాత కూడా. నాకూ నవ్వొచ్చింది. కాఫీ ఇచ్చాక వదిన చూపు సంచి మీద పడింది. "అదేంది, బిడ్డ మాదిరి పట్టుకోనుండావు?"

దాచాలనిపించలేదు. బొమ్మ తీశాను. నీరజ చెప్పిన మూడు పేర్లూ వచ్చినట్టు చెప్పాను. వదినకు అర్థమైందో లేదో, "అయితే నీ ఒళ్ళు వంగక కాదన్నమాట" అంది. "చూపించు మరి."

పెరట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాను. తడిగుడ్డ పరుచుకున్నాను. ఎనిమిదో నెల దాటిన సుజాత గుమ్మం పట్టుకుని నిలబడి చూస్తోంది. చెయ్యి తల కింద. బొమ్మ కదల్లేదు. చెయ్యి చెంబు మీద. కదల్లేదు. చెంబు వంచాను. తల వాలిపోయింది.

కోడి ఒకటి వచ్చి చిమ్మిన నీళ్ళు తాగి పోయింది. తల ఎత్తితే సుజాత ముఖం చూడాల్సి వస్తుందని నేను ఎత్తలేదు. ఇక అయిపోయింది అనుకున్నాను.

వదిన చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని నా పక్కన చతికిలబడింది. నా చేతిలోంచి చెంబు తీసుకుంది.

"పట్టుకోవడం వచ్చుగా నీకు?"

"వచ్చు."

"రెండు చేతులా పట్టుకో. నేను పోస్తా."

రెండు చేతులూ తల కిందా వీపు కిందా పెట్టి పట్టుకున్నాను. రెండింటికీ ఒకే పని. వదిన నీళ్ళు పోసింది. బియ్యం తడిసి బరువెక్కుతున్నా బొమ్మ నా చేతుల్లో అలాగే ఉంది. నీరజ చెప్పింది ఇదేనని అప్పుడు తెలిసింది.

"నేనొచ్చి పది రోజులుంటాలే మీ ఇంట్లో" అంది వదిన. "ఏమే సుజాతా, మీ అమ్మ దగ్గరికే పోతావా?"

సుజాత గుమ్మం వదిలింది. వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

కోతల ముందు

ఇప్పుడు పైరు పాలు పోసుకుని తలలు వంచుతోంది. మధ్యాహ్నాలు రాస్తున్నాను, రోజుకు కొంచెం. రాసింది సుజాత చూసి యలూ మలూ సరిచేస్తోంది. ఆ ధ్యాస సంగతికి మందు వాడుకోవచ్చని మనసు డాక్టరు అన్నాడు, ఇంకా ఆలోచిస్తున్నాను. పాలు ఇప్పటికీ పొంగుతాయి. ఊళ్ళో కొందరు ఇప్పటికీ ఆ పాత పేరుతోనే పిలుస్తారు. నా పేరు పెంచలమ్మ అని ఒకసారి చెబుతాను, ఊరుకుంటాను.

మనవరాలు పుట్టింది. పదకొండో రోజు నీళ్ళు పోయాలన్నారు. ముందురోజు నేను స్నానాల గది గోడ మీద బొగ్గుతో పెద్ద పెద్ద అక్షరాలతో ముక్కలన్నీ వరసగా రాసుకున్నాను. పొద్దున వదిన కాగిన నీళ్ళలో చన్నీళ్ళు తొరిపి, గోడ వైపు చూసి, "చెమ్మి తల కింద, చెమ్మి వీపు కింద. ఇదేంది వదినా, ఈ చెమ్మి?" అంది. అన్ని చోట్లా అలాగే రాశాను. నవ్వి నవ్వి వదిన కళ్ళు తుడుచుకుంది. ఆ రోజునుంచి మా ఇంట్లో స్నానానికి అదే పేరు. పాప చెమ్మికి టైమైంది అంటారు.

అప్పుడు మాత్రం నేను నవ్వలేదు. గోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపి, తడిగుడ్డ పరుచుకుని కూర్చున్నాను. ఆవిరి గదినిండా మంచులా పట్టింది. ఆ ఆవిరిలోంచి సుజాత వచ్చింది. పాప కళ్ళు మూసుకుని ఉంది. సుజాత వంగి, ఇవ్వకుండా ఒక్క క్షణం ఆగింది. వరిగడ్డి సంగతి ఇద్దరికీ గుర్తొచ్చిందని నాకు తెలుసు.

"చెయ్యిమా" అంది.

చెయ్యి చాపమందో, పని చెయ్యమందో నాకు తెలియలేదు. రెండు చేతులూ చాపాను.